మంచు రాకూడదని కోరుకున్న ఏడాది

రాజేశం అంకుల్ పోయారన్న కబురు నాకు ముందుగా తెలిసింది వాతావరణం పిచ్చివాళ్లు రాసుకునే ఇంటర్నెట్ ఫోరంలో. ఆకులు రాలడం మొదలైన రోజులవి. ఏటా ఆ రోజుల్లోనే అక్కడ ఒకే చర్చ మొదలవుతుంది, రాబోయే చలికాలం ఎలా ఉంటుందని. క్రిస్మస్‌కు గుమ్మాలకు కట్టే హాలీ చెట్టు ఈసారి ఆకు కనపడకుండా ఎర్రగా కాసిందని ఎవరో ఫొటో పెట్టారు. అంటే మంచు ఖాయమట. ఐస్‌లాండ్ నుంచి రావలసిన అడవి బాతులు ముందే దిగాయని స్లైగో నుంచి ఒకాయన రాశాడు. అదీ మంచుకే గుర్తు. ఆ సందడి మధ్యలో లిమరిక్ బస్సు డ్రైవరు డెక్లన్ రాసిన రెండు వాక్యాలు కనిపించాయి. "షానన్ రాజ్ ఈ ఉదయం పోయాడు. ఈ ఏడాది అంచనా ఆయన లేకుండానే రాసుకోవాలి." షానన్ రాజ్ అంటే మా రాజేశం అంకులే. నేను మెయ్‌నూత్‌లో మా వంటింట్లో నిలబడి, బడికి వెళ్లే పిల్లకు డబ్బా సర్దుతున్నాను. నా ముఖం చూసి "వాట్స్ రాంగ్, మమ్మీ?" అంది మా అమ్మాయి. "మనం షానన్‌లో ఉన్నప్పుడు పక్కింట్లో ఒక తాత ఉండేవాడు..." అని మొదలుపెట్టాను. గుర్తుంటాడనుకోలేదు. "ది వెదర్ మ్యాన్?" అంది అది వెంటనే.

మేం ఐర్లండు వచ్చిన కొత్తలో మొదటి ఇల్లు షానన్‌లోనే. మా ఆయనకు అక్కడి ఫ్రీ జోన్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. నేను అనంతపురంలో ఒక దినపత్రిక డెస్కులో ఏళ్ల తరబడి జిల్లా వార్తలు దిద్ది, ఆ కుర్చీ వదిలి వచ్చాను. వచ్చిన మొదటి వారంలో వాన ఎప్పుడు ఆగుతుందా అని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. వాన కోసం ఎదురుచూసిన జిల్లా నుంచి వచ్చి, వాన ఆగడం కోసం ఎదురుచూడటం నాకే వింతగా ఉండేది. అలా కూర్చున్నప్పుడే పక్కింటి పెరట్లో కోతిటోపీ, స్వెట్టరు, కింద లుంగీ, కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకున్న ఒక ముసలాయన తెల్లటి పెట్టె తలుపు తీసి లోపలికి తొంగిచూడటం కనిపించింది. తేనెటీగల పెట్టె అనుకున్నాను. మర్నాడూ అదే వేళకు వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగో నాడు కంచె మీదుగా నన్ను చూసి తెలుగులో పలకరించాడు. "కొత్తగ వచ్చిండ్రా బిడ్డా? ఏ ఊరు?" అనంతపురం అన్నాను. "అబ్బో, వాన లేని ఊరు నుంచి వాన పోని ఊరుకు వచ్చినవ్" అన్నాడు. ఏం పని చేసేదానివని అడిగితే, ప్రెస్‌లో అన్నాను. ఆయన పకపకా నవ్వి, "ఇక్కడ ప్రెస్ అంటే గిన్నెలు పెట్టుకునే అల్మరా. ఎవలకన్న జెప్పకు, పరేషాన్ అయితరు" అన్నాడు.

ఆ తెల్ల పెట్టె కూడా ఒకప్పటి అల్మరానే. ఎవరో పారేసిన పాత అల్మరా తలుపుల్ని, గాలి ఆడేలా పలకలు ఉన్నవాటిని, డెక్లన్‌తో కలిసి కోసి, గోరంత మేకులు కొట్టి, నాలుగు కాళ్ల మీద నిలబెట్టి అందులో థర్మామీటర్లు పెట్టాడు అంకుల్. ఆయన జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు. పనిముట్లు చేసే కార్ఖానాలో ఉద్యోగానికి కుర్రవయసులో షానన్ వచ్చి, ఇక్కడే రిటైర్ అయ్యాడు. పిల్లలు లేరు. భార్య సుగుణ ఆంటీ, ఆ పెట్టె, పెరట్లో వాన కొలిచే రాగి గొట్టం, ఫోరంలో రోజూ కబుర్లాడే డెక్లన్ లాంటి పదిమంది స్నేహితులు, ఇదీ ఆయన లోకం. వాళ్లింట్లోకి అడుగుపెడితే నువ్వులు వేయించిన వాసన, అటు పక్క చిమ్నీలోంచి వచ్చే టర్ఫ్ పొగ, అంటే ఇక్కడ పొయ్యిలో కాల్చే ఎండు మట్టిగడ్డల పొగ వాసన, రేడియేటర్ల మీద ఆరేసిన బట్టల తడి వాసన కలిసి వచ్చేవి. ఆంటీ సర్వపిండి చేసి గిన్నెతో సహా మా ఇంటికి పంపేది. గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళితే అందులో మళ్లీ ఏదో ఒకటి వేసి ఇచ్చేది. ఆ గిన్నె ఎవరిదో చివరికి మా రెండిళ్లకూ తెలియకుండా పోయింది.

ఆంటీని నేను నిండు మనిషిగా చూసింది కొద్ది నెలలే. మొదట ఆమె దగ్గర్నుంచి ఇంగ్లీషు వెళ్లిపోయింది. అంతకాలం షానన్‌లో బతికి, కార్ఖానా క్యాంటీన్‌లో పనిచేసి, అక్కడి ఆడవాళ్లతో వాళ్ల యాసలోనే పోట్లాడిన మనిషి, ఒక రోజు దుకాణంలో బిల్లు కొట్టే పిల్లతో "గీ పాలు వద్దు బిడ్డా, పచ్చ మూతవి ఇయ్యి" అంది. అంకుల్ ఆ మాట మాకు నవ్వుతూ చెప్పాడు. నెల తిరిగేసరికి నవ్వడం మానేశాడు. తర్వాత ఆమె పొయ్యి వెలిగించి మరిచిపోవడం, చలిలో చెప్పులు లేకుండా వీధిలోకి నడిచి వెళ్లిపోవడం మొదలయ్యాయి. జీపీ అనే మామూలు డాక్టరు దగ్గరకు, ఆయన పంపిన పెద్ద డాక్టరు దగ్గరకు తిరిగి, ఆఖరికి ఊరికి లోపలగా ఒక చిన్న నది పక్కన పల్లంలో ఉన్న వృద్ధుల హోమ్‌లో చేర్చారు. అంకుల్ రోజూ వెళ్లి, ఆమెకు అన్నం తినిపించి, తల దువ్వి వచ్చేవాడు. ఆ మరుసటి మార్చిలో దేశమంతా మూతపడింది. హోమ్ తలుపులు కూడా మూశారు.

మొదట టాబ్లెట్‌లో వీడియో కాల్ చేసి చూపించారు. ఆంటీ ఆ తెరలో అంకుల్‌ను కాసేపు చూసి, పక్కనున్న నర్సుతో తెలుగులో "ఈ టీవీ బందు జేయిండ్రమ్మా, కండ్లు గుంజుతున్నయ్" అని మొహం తిప్పుకుంది. అంకుల్ మరి ఆ ప్రయత్నం చేయలేదు. వేసవి వచ్చాక కిటికీ దర్శనాలకు అనుమతిచ్చారు. ఆంటీ మంచం కింది అంతస్తులోనే. బయట గడ్డి మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ. నోరా అని ఆ ఊరి నర్సు, యాభై దాటిన మనిషి, వచ్చి కిటికీ బెత్తెడు తెరిచేది. అంకుల్ దూరంగా కూర్చుని, మాస్కులోంచి గట్టిగా పిలిచేవాడు. "సుగుణా, నేను వచ్చిన." అప్పటివరకు అద్దం అవతలి మనిషిని ఎవరో పరాయివాడిలా, మర్యాదగా చూస్తూ కూర్చున్న ఆంటీ, ఆ గొంతు చెవిన పడగానే మారిపోయేది. "వచ్చినవా? పొద్దుగూకినంక వస్తవా? అన్నం సల్లగైంది. ఆ మూతికి గుడ్డేంది, పంటి నొప్పా?" ఇక వరసగా తిట్లు. అంకుల్ వాటిని తలవంచుకుని వినేవాడు, నవ్వుకుంటూ. కిటికీ మూసి ఉన్నప్పుడు ఆమెకు ఆయన ఎవరో తెలియదు. గొంతు వినిపించిన ఆ బెత్తెడు సందులోనే ఆమెకు మొగుడున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, నోరాకూ తెలుసు.

శుక్లం ఆపరేషన్ వాయిదా పడి అంకుల్ కారు నడపడం మానేశాడు. ఒంటరిగా ఉన్నవాళ్లు ఇంకొక ఇంటితో జతకట్టవచ్చని ప్రభుత్వం చెప్పినప్పుడు మేం ఆయనతో జతకట్టాం. కాబట్టి హోమ్‌కు తీసుకెళ్లే పని నాది. శరత్కాలంలో మళ్లీ ఆంక్షలు వచ్చాక దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపేవాళ్లు. ఎక్కడికని అడిగితే అంకుల్ అద్దం దించి, "నా భార్యను చూడటానికి. కిటికీలోంచి" అని ఇంగ్లీషులో చెప్పేవాడు. ఒక కుర్ర గార్డు ఆ మాటకు "గ్రాండ్, గ్రాండ్, వెళ్లండి" అని, మేం కదిలాక కూడా టోపీ సర్దుకుంటూ అలాగే నిలబడిపోవడం వెనక అద్దంలో చూశాను.

అక్టోబరు చివర ఒక రోజు నోరా కిటికీ మూస్తూ చెప్పింది. "రాజ్, చలి ముదిరితే ఇలా తెరవలేను. ఈ గదిలో కిట్టీ కూడా ఉంది. ఆమె ఊపిరితిత్తులు మంచివి కావు. బయట ఐదు డిగ్రీలు ఉన్నంతవరకు తెరుస్తాను. తగ్గితే మాత్రం మూసే ఉంచాలి. మేట్రన్ చెప్పింది." కిట్టీ అంటే రెండో మంచం మీది ముసలావిడ, ఎప్పుడూ అంకుల్‌కు చెయ్యి ఊపేది. అంకుల్ "న్యాయమే" అన్నాడు. కారెక్కాక మాత్రం, ఇంటికి వచ్చేవరకు, గాలి ఎటునుంచి వీస్తోందో చూస్తూనే ఉన్నాడు.

వాతావరణం పిచ్చివాళ్ల కోరిక ఎప్పుడూ ఒకటే, మంచు కురవాలి. ఐర్లండులో మంచు అరుదు. ఏళ్లకు ఏళ్లు పడమటి సముద్రం మీదుగా తడిగాలి వస్తుంది. బూడిదరంగు ఆకాశం, ఎనిమిది డిగ్రీలు, చినుకులు, మళ్లీ చినుకులు. ఆ మామూలు చలికాలాన్ని ఫోరంలో తిట్టనివాళ్లు లేరు. రోజుకు నాలుగుసార్లు కంప్యూటర్లు లెక్కగట్టి ఇచ్చే పటాల కోసం కాచుకు కూర్చుని, పది పటాల్లో ఒకటి మంచు చూపిస్తే తొమ్మిదింటిని పక్కన పెట్టి ఆ ఒక్కదాన్నే పట్టుకుని ఊరేగుతారు. మర్నాటికి అది మాయమైతే చావు కబురు విన్నట్టు మూగబోతారు. అంకుల్ ఆ గుంపులో పెద్ద. ఆయనా అందరిలాగే మంచు భక్తుడు, కానీ అంచనా రాయడానికి కూర్చుంటే ఆ భక్తిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అందుకే నవంబరులో ఆయన రాసే చలికాలం అంచనా కోసం దేశం నలుమూలలా ఎదురుచూసేవాళ్లు. మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గుంపుకు అదే సంగతిని తెలుగులో కుదించి పంపేవాడు. దాన్ని దిద్దిపెట్టడం డెస్కు మనిషిని కనుక నా వంతు.

ఆ పిచ్చి నాకు కొత్తగా అనిపించలేదు. మా జేజి, అంటే నాయనమ్మ, సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయా, గాలి తిరిగిందా, పడమట మెరుపు కనిపించిందా అని చూసేది. ముంగారు తొలకరి వాన కోసం విత్తనం చెనక్కాయలు వొలిచి మూటగట్టి పెట్టుకున్న ఇంట్లో ఆ చూపు ఆటకాదు. ఆమె "రేపు వస్తాది" అంటే రానినాడు కూడా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. తర్వాత నేను పత్రికలో చేరాక మా న్యూస్ ఎడిటర్ మొదటి వారమే చెప్పాడు. "వాన పడొచ్చు అని బ్యానర్ పెట్టకు తల్లీ. పడితే పెట్టు. రైతు నీ హెడ్డింగు చూసి విత్తనం వేస్తే, ఆ పైన వాన రాకపోతే, ఆ ఇంటికి మనం మొహం చూపించలేం." మా జిల్లాలో లా నినా అన్న మాట వింటే ప్రాణం లేచి వచ్చేది, ఆ ఏడు వానలు బాగుంటాయని. పసిఫిక్ సముద్రం చల్లబడే ఆ లా నినాయే అంకుల్ పటాల్లోనూ ఉంది, ఇక్కడ చలికి గుర్తుగా. అక్కడ మాకు పంట. ఇక్కడ ఆయనకు మూసిన కిటికీ.

అంచనా రాసే రోజు నేను వాళ్లింట్లో ఉన్నాను. వంటింటి బల్ల మీద లాప్‌టాప్, పక్కన చల్లారిన చాయ్. అంకుల్ అద్దాలు నుదుటి మీదికి నెట్టి, తెరకు మొహం ఆనించి పటాలు చూస్తున్నాడు. డెక్లన్ ఫోన్ స్పీకర్‌లో ఉన్నాడు. బస్సులు సగం ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మనిషి, గొంతులో పండగ దాచుకోలేకపోతున్నాడు.

"రాజ్, ఉత్తర ధ్రువాన చలిగాలిని ఆపి ఉంచే ఆ కట్టు తెగేలా ఉంది. నువ్వూ చూస్తున్నావు కదా?"

"చూస్తున్నాను."

"ఏడాది చివర్లో తూర్పుగాలి. నిజం చెప్పు, నాకు పిచ్చెక్కలేదు కదా?"

"ఎక్కలేదు" అన్నాడు అంకుల్.

డెక్లన్‌కు కిటికీ సంగతి తెలుసు. "నేను ఇది కోరుకోవడం మానేయనా, రాజ్?" అన్నాడు చిన్నగా.

"నువ్వు కోరుకుంటే వచ్చేదైతే ఎప్పుడో వచ్చేది" అన్నాడు అంకుల్. "కోరుకో, కోరుకో. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఫోన్ పెట్టేశాక నాతో అన్నాడు. "ముప్పై ఏండ్లు మంచు రావాలె, మంచు రావాలె అని మొక్కిన బిడ్డా. నేను వద్దన్న ఏడే వస్తనంటున్నది. దానికి కూడ నా మీద ఏదో కచ్చ ఉన్నట్టున్నది."

"పటాలు తప్పు కావచ్చు గదా అంకుల్. పది దినాలు దాటితే నమ్మరాదని మీరే అంటారు."

"తప్పు కావచ్చు. కానీ నేను నమ్మద్దని ఎందుకు అనుకుంటున్న? పటం జూసి అనుకుంటున్ననా, సుగుణను జూసి అనుకుంటున్ననా? అదీ లెక్క." అద్దాలు కిందికి దించుకున్నాడు. తర్వాత రెండు వేళ్లతో టైపు చేశాడు. డిసెంబరు చాలావరకు చలి ముదరక మెత్తగా ఉంటుంది, ఏడాది చివర నుంచి జనవరి వరకు మామూలుకు మించిన చలి, లోపలి పల్లపు ప్రాంతాల్లో గట్టి మంచుపొర. తెలుగులో నేను దిద్దిన దానికి కింద "పైపులు గడ్డకట్టకుండా చూసుకోండి, పిల్లల్ని జాగ్రత్త" అని తనే చేర్చాడు. ఫోరంలో ఆ సాయంత్రం పండగ. రాజ్ చెప్పాడంటే వచ్చినట్టే అని ఒకరు, మంచు మీద జారే స్లెడ్జి బండి కొన్నానని ఒకరు.

ఆయన అన్నట్టే డిసెంబరు మెత్తగా నడిచింది. ప్రతి వారం కిటికీ తెరుచుకుంది. అక్కడ నేను గమనించిన సంగతి ఒకటుంది. కిటికీ తెరిచేముందు నోరా తన ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసేది. ఆ ఫోన్ చూపించేది విమానాశ్రయం అంకె. విమానాశ్రయం నదీముఖం ఒడ్డున, సముద్రపు గాలికి ఉంటుంది. హోమ్ ఉన్నది లోపల, పల్లంలో. చలి నీళ్లలాగా పల్లానికే పారుతుంది. మేఘం లేని రోజు ఆ రెండు చోట్లకూ చాలా తేడా ఉంటుంది. ఏళ్లుగా తెలుగు గుంపులో "ఫోన్ల జూసింది నమ్మకుండ్రి, అది మీ పెరడు కాదు" అని అందర్నీ కసిరిన మనిషి, ఇప్పుడు నోరా ఫోన్ చూస్తున్నంతసేపు తన బూట్ల వైపు చూస్తూ నిలబడేవాడు. ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. మేఘాలు కమ్మి ఉన్నన్నాళ్లు చెప్పవలసిన తేడా కూడా పెద్దగా లేదు.

క్రిస్మస్ వెళ్లిన వారంలో ఆకాశం విచ్చింది. తూర్పుగాలి. ఐర్లండులో అంత నీలం ఆకాశం చలికాలంలో నేను ఎన్నడూ చూడలేదు. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం, ఎండ కాస్తోంది, అయినా కుర్చీ చుట్టూ గడ్డి తెల్లగా, కాలు పెడితే పటపటమంటోంది. అంకుల్ జేబులో ఎప్పుడూ ఒక చిన్న థర్మామీటర్ ఉండేది. కారు దిగి, నీడలో దాన్ని పట్టుకుని, చూసి, జేబులో వేసుకున్నాడు. ఎంతని నేను అడగలేదు. అద్దం అవతల ఆంటీ, ఊలు శాలువా కప్పుకుని, మమ్మల్ని ఎవరో అన్నట్టు చూస్తోంది. వెనక మంచంలో కిట్టీ చెయ్యి ఊపింది, దగ్గుతూ. నోరా ఫోన్ తీసింది. "ఆరు అంటోంది" అంది మాకు వినపడేలా, ఆశ్చర్యంగా. గొళ్లెం మీద చెయ్యి వేసింది. వేసి ఆగింది. గడ్డి వైపు చూసింది. అద్దం మీద నోరు పెట్టి గట్టిగా అడిగింది. "రాజ్, నువ్వు వాతావరణం మనిషివి. ఇది నిజంగా ఆరేనా?"

ఆంటీ మొహం ఆయనకు మూరెడు దూరంలో ఉంది. ఆయన చెయ్యి థర్మామీటర్ ఉన్న జేబు మీదికి వెళ్లింది.

"కాదు" అన్నాడు, తల అడ్డంగా ఊపి, వేళ్లతో సున్నా చుట్టి చూపిస్తూ. "అది విమానాశ్రయం. ఇక్కడ సున్నా."

నోరా చెయ్యి గొళ్లెం మీంచి తీసింది. ఏదో అంది, థ్యాంక్స్ అనే అనుకుంటాను. అంకుల్ నంబరుకు ఫోన్ చేసి, తన ఫోన్‌ను ఆంటీ చెవికి ఆనించి పట్టుకుంది. అంకుల్ తన ఫోన్‌లోంచి "సుగుణా, నేను" అన్నాడు. ఆంటీ ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నోరాకు తిరిగి ఇచ్చేసింది. అద్దంలోంచి మమ్మల్ని చూసింది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి కదులుతోంది. మందపాటి రెండు అద్దాల వెనక ఒక్క అక్షరం కూడా మా వరకు రాలేదు. నోరా వంగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, అర్థం కాని ఆ మాటలకు తల ఊపుతూ నిలబడింది. చాలాసేపు మాట్లాడింది ఆంటీ. అంకుల్ ఒకటే మాట అడిగాడు నన్ను. "ఏమంటున్నదో నీకన్న వినవస్తున్నదా?" లేదన్నాను.

తిరుగుదారిలో ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకు చెప్పినారు అంకుల్? ఆరు అని ఫోనే చెప్పె గదా."

"రీడింగు అడిగింది బిడ్డా" అన్నాడు. కొంతదూరం పోయాక, "వెనక ఆ కిట్టీ దగ్గుతున్నది, చూసినవు గద" అన్నాడు. ఇంకొంత దూరం పోయాక, ఎవరితోనో వాదిస్తున్నట్టు, "మల్లొచ్చే వారం మబ్బు వట్టిందనుకో, మంచిగ తెరుస్తది" అన్నాడు.

మళ్లొచ్చే వారం మబ్బు పట్టలేదు. ఆ వారం హోమ్‌లోకి జబ్బు వచ్చింది. సగంమంది సిబ్బంది పడిపోయారు, కిటికీ దగ్గరకు కూడా రావద్దన్నారు. చలి అలాగే బిగిసి ఉంది. ఫోరంలో కొండల మీద మంచు ఫొటోలు, పిల్లలు చేసిన మంచు బొమ్మలు, నిండుగా మంచు కప్పుకున్న గొర్రెల ఫొటోలు. అందరి అంచనాల్లో ఎవరిది నిజమైందని ఓటింగు పెట్టారు. అంకుల్‌దే. వందల అభినందనలు వస్తూ ఉండగా ఆంటీ పోయింది. కిట్టీ అంతకు ముందు రోజే పోయింది. ఎవరో కొత్త సభ్యుడు "ఇంత బాగా ఎలా చెప్పగలిగారు సార్?" అని అడిగిన ప్రశ్న కింద డెక్లన్, "ఇవాళ్టికి ఆయన్ని వదిలెయ్యండి" అని రాసి ఆ చర్చను మూసేశాడు.

ఇప్పుడు మెయ్‌నూత్‌లో మా ఇంటి కిటికీలు ఏ చలిలోనైనా ఎప్పుడంటే అప్పుడు తెరుస్తాను. మా ఆయన బిల్లు చూపించి గొణుగుతాడు. మా అమ్మాయి, "మమ్మీ, ఇట్స్ ఫ్రీజింగ్!" అని తిరిగి మూస్తుంది. ఆ రెండేళ్లను గురించి మాట్లాడటానికి ఎవరికీ ఓపిక లేదు. మాస్కులు ఏ సొరుగులో ఉన్నాయో కూడా వెతుక్కోవాలి. అప్పట్లో కిటికీలోంచి మనుషుల్ని చూసివచ్చామంటే, ఇప్పుడు కొత్తగా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు మర్యాదకు "అయ్యో ఆంటీ" అని ఫోన్ వైపు చూసుకుంటారు. ఆ ఫోన్ చూపించే అంకె ఏ ఊరిదో వాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం కూడా రాలేదు. రాకూడదనే కోరుకుంటాను. మా జేజి కాలంలో ఆకాశం వైపు చూసేవాళ్లకు తిండి కావాలి. ఫోరంలో చూసేవాళ్లకు వేడుక కావాలి. నేను చూసినవాళ్లలో ఆకాశాన్ని ఒక మనిషి కోసం చూసినవాడు రాజేశం అంకుల్ ఒక్కడే. ఆకాశం ఆయన మాట నిలబెట్టింది, ఆయన కోరిక నిలబెట్టలేదు.

ఆంటీ అంత్యక్రియలకు, నదీముఖం ఒడ్డున ఉన్న దహనశాలలో, పట్టుమని పదిమందిమి కూడా లేము. ఆ రోజు చలి విరిగింది. పడమటి గాలి, సన్నటి చినుకు, కిటికీలు బార్లా తెరుచుకోవచ్చు. బయట కార్లు ఆపే చోట, లోపలికి రావడానికి అనుమతి లేక, డెక్లన్ దూరంగా తన కారు పక్కన టోపీ చేత్తో పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. ఇంకో మూల నోరా. జబ్బు నుంచి లేచి అప్పుడే బయటికి వచ్చిందట, మాస్కు పైన కళ్లు గుంటలు పడి ఉన్నాయి. అంకుల్ ఆమె వైపు నడిచి, అప్పటి నియమం ప్రకారం ఆగవలసిన చోట ఆగాడు.

"నీ భార్య పోవడం నాకు చాలా బాధగా ఉంది, రాజ్" అంది నోరా.

అంకుల్ తల ఊపాడు. ఆయన మనసులో వేరే ప్రశ్న ఉంది. "ఆ రోజు అద్దం మూసి ఉన్నప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడింది. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఒక్క ముక్క అర్థం కాలేదు."

"మాటలు అడగడం లేదు, నోరా. ఎలా మాట్లాడింది? ఏడ్చిందా? భయపడిందా?"

ఊరడింపు కోసం ఏదో ఒకటి అనేసే మనిషి అయితే అప్పుడే అనేసేది. నోరా గుర్తుచేసుకుంటూ, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి, గాలిలో ఆడించి చూపింది.

"నిజం చెప్పాలంటే, రాజ్... నిన్ను తిట్టింది. వేలు చూపించి మరీ తిట్టింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ తిట్టింది. నీకు కష్టంగా ఉంటుందని నేను ఫోన్ చేసి చెప్పలేదు."

అంకుల్ నా వైపు తిరిగాడు. అద్దాల మీద చినుకులు. వాటిని తుడుచుకోలేదు.

"విన్నవా బిడ్డా?" అన్నాడు. "తిట్టిందట. ఎవడో పరాయోడైతే ఎందుకు తిడుతది?"